అల్లుడు పట్టుకున్యాడు

మొన్న సోమందేపల్లి దాటి హైవే ఎక్కామో లేదో, బండిలోకి మాడు వాసన కొట్టింది. ముందు పోతున్న టమోటా బండి ఎడమ చక్రం దగ్గర సన్నగా పొగ లేస్తోంది. మా బండిలో ముగ్గురం ఉన్నాం. స్టీరింగు దగ్గర మా డ్రైవరన్న, నడుమ నేను, కిటికీ పక్కన నాయన. ముగ్గురి నోటా ఒకే మాట వచ్చింది.

"అల్లుడు పట్టుకున్యాడు!"

డ్రైవరన్న హారన్ కొట్టి, బండిని దాని పక్కకు తెచ్చి, మా ఇద్దరి మీదుగా అరిచాడు. "ఏమబ్బా! నీ ముందర అల్లుడు పట్టుకున్యాడు, నిలిపి చూసుకో!" ఆ టమోటా బండి అతను మమ్మల్ని ఎగాదిగా చూశాడు. పిచ్చోళ్ళనుకున్నాడో ఏమో, ఇంకా జోరు పెంచాడు. నేను నాయన మీదుగా వంగి, తల బయటికి పెట్టి, "బ్రేకయ్యా! బ్రేకు పట్టేసింది!" అని గొంతు చించుకున్నాక గానీ నిలపలేదు. మేము నవ్వుకుంటూ ముందుకు పోయాం. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

ఆ మాట పెనుకొండ మేస్త్రిది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉండే ఉంటుంది, కానీ మా నోట ఎప్పుడూ మేస్త్రే. షెడ్డుకు బోర్డు కూడా ఉండేది కాదు. "బోర్డు ఏంటికి? నేనెవురో తెలీనోడు నా దగ్గరికి ఏంటికి రావాల?" అనేవాడు. ఊరి బయట, హైవే దిగిన చోట, టీ అంగడి పక్కన నాలుగు రేకులు వేసుకున్న మనిషి మాట ఇది!

గొప్పలు చెప్పుకోవడంలో ఆయనను మించినవాణ్ణి నేను చూడలేదు, ఇకమీదట చూస్తానన్న ఆశా లేదు. రోజూ ఇస్త్రీ చొక్కా, అదీ తెల్లది. మెకానిక్కుకు తెల్ల చొక్కా ఏందని ఎవరో ఒకరు అడగాలి. అడిగేదాకా ఆయనకు తోచేది కాదు. అడగ్గానే చేతులు రెండూ చాచి, గుండ్రంగా తిరిగి చూపించేవాడు. "మరక పడిందంటే పని రానట్టే లెక్క. చూసుకో, యాడన్నా ఉండాదా?" ముందువైపు నిజంగానే ఏమీ ఉండేది కాదు. వీపు మీద మాత్రం ఎప్పుడూ ఒకటి ఉండేది, బండి కిందికి దూరే మనిషికి ఉండక ఏమవుతుంది? ఆయనకు కనపడదు కాబట్టి లేదు. ఉందని చెప్పే ధైర్యం టీ అంగట్లో ఎవరికీ లేదు.

బండి తీసుకుపోతే ఆయన బండివైపు చూసేవాడు కాదు. నాకు అసలే ఓపిక తక్కువ, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మొదటిసారి నేను పోయినప్పుడు, బానెట్ ఎత్తి చూడకుండా టీ తాగుతూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండింది. "మేస్త్రీ, రోగం బండికి, నాకు కాదు" అన్నాను. ఆయన తీరుబడిగా గ్లాసు కింద పెట్టాడు.

"బండ్లకు రోగాలుండవు పాపా. బండ్లకు చుట్టాలుంటారు, అంతే. ఆ బెంచీ మీద కూర్చోని, ఈ బండిని ఎవురెవురు ముట్టుకున్యారో ఒక్కొక్కరినీ చెప్పు. బండి యాడికీ పోదు."

అదీ ఆయన పద్ధతి. ఊళ్ళో పంచాయితీ చేసినట్టే చేసేవాడు. ఎవరు తోలారు, ఎవరు కడిగారు, ఎవరు అరువు తీసుకుపోయారు, తెచ్చి ఇచ్చినప్పుడు మొఖం ఎట్లా పెట్టుకున్నారు, అన్నీ కావాలి. ఆ తర్వాతే స్పానర్ పట్టేది. తప్పు దొరికాక నట్టు పేరో బోల్టు పేరో చెప్పేవాడు కాదు. షెడ్డు ముందుకు వచ్చి, రోడ్డంతా వినపడేట్టు ఒకే ఒక్క మాట అరిచేవాడు.

ఒకసారి రొద్దం నుంచి ఒక రైతు ట్రాక్టరు తెచ్చాడు. కాసేపు బాగా పోతుందట, కాసేపటికి గొంతు పిసికినట్టు ఆగిపోతుందట. మేస్త్రి ఆ రైతును నిలబెట్టి ఇంటిల్లిపాదినీ అడిగాడు. తర్వాత డీజిల్ టాంకు ఖాళీ చేయించి, చెయ్యి దూర్చి, లోపలినుంచి ఒక నిమ్మకాయ తీశాడు. ట్రాక్టరు కొన్న రోజు చక్రాల కింద తొక్కించాల్సిన నిమ్మకాయల్లో ఒకదాన్ని ఎవరో ప్రేమ ఎక్కువై, లోపలికీ దిష్టి తగలకూడదని టాంకులో వేశారు. మేస్త్రి ఆ కాయను చేత్తో పైకెత్తి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు.

"బావమరిది!"

ఆ రైతు పక్కనే నిలబడిన బావమరిది తల ఎత్తలేదు. జీపులో ఏదో గలగలమంటోందని వచ్చిన ఇంకొకాయనకు సీటు సందులోంచి తమలపాకుల డబ్బా తీసిచ్చి "అత్త!" అని అరిచిన రోజు కూడా నేనున్నాను. టీ అంగట్లో జనం ఈ ఒక్క మాట కోసం ధర్మవరం బస్సు వచ్చి నిలిచినా ఎక్కకుండా కూర్చునేవాళ్ళు. ఎవరి పేరు బయటికొస్తే వాళ్ళకు కొన్నాళ్ళపాటు ఆ రోడ్డున తలెత్తుకుని తిరిగే వీలుండదు.

ఇక బ్రేకు సంగతైతే ఆయన దృష్టిలో అదొక పెద్ద సంసారం. కాలి కింద పెడల్‌కు తగులుకుని ఉండే మాస్టర్ సిలిండర్ మామ. ముందు చక్రాల దగ్గర బ్రేకు బిళ్ళలను నొక్కిపెట్టే కాలిపర్లు రెండూ అల్లుళ్ళు. నడుమ ఆయిల్ మోసే గొట్టాలు చాడీలు మోసే చుట్టాలు. "నువ్వు కాలు నొక్కితే మామ మాట పంపిస్తాడు. అల్లుడు పోయి చక్రాన్ని పట్టుకుంటాడు. నువ్వు కాలు తీస్తానే మామ తన మాట వెనక్కి తీసుకోవాల, అల్లుడు చక్రాన్ని వదిలెయ్యాల. వదల్లేదా, ఇంగ ఆ కాపురం మాడిపోతాది" అని విడమరిచి చెప్పేవాడు. ఈ లెక్కలో ఒక చిక్కుంది. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు, అల్లుళ్ళిద్దరూ ధర్మవరంలో మగ్గం నేస్తారు. ఇద్దరూ బంగారం లాంటి పిల్లలని అందరూ చెప్పేవాళ్ళు. ఈయన మాత్రం ఏ బండికి బ్రేకు పట్టేసినా ముందు అల్లుళ్ళనే అనుమానించేవాడు.

మాది హిందూపురంలో గానుగ నూనె అంగడి, మా తాత నాటిది. శెనక్కాయలు ఆడించి, నూనె డబ్బాలకెత్తి, ధర్మవరం దాకా అంగళ్ళకు వేస్తాం. అందుకోసమే ఈ పాత పికప్ బండి. నాయనకు తన నూనె మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. తలుపు కిర్రుమంటే అదే నూనె, మోకాలు పట్టేస్తే అదే నూనె, అమ్మ కుట్టుమిషన్‌కూ అదే నూనె. ఎవరైనా అంగడికొచ్చి "శెట్టన్నా, ఒక లీటరు ఆయిల్ ఇయ్యి" అన్నారా, అయిపోయారు. "ఆయిల్ ఏందప్పా ఆయిల్? నూనె అనేదానికి నోరు తిరగదా?" అని సరిదిద్దించి, వాళ్ళ చేత నూనె అనిపించాక గానీ కొలిచేవాడు కాదు.

అట్లాంటి మా బండికి కొన్నేళ్ళ కింద ఆ రోగం పట్టుకుంది. హిందూపురంలో బయలుదేరినప్పుడు బాగానే ఉండేది. సోమందేపల్లి చేరేసరికి ఎవరో వెనకనుంచి పట్టి లాగుతున్నట్టు బరువెక్కేది. పెనుకొండ వచ్చేసరికి బ్రేకు పెడల్ రాయిలాగా గట్టిపడి, ముందు చక్రాలు రెండూ కాలిపోయి, మాడు వాసన. నిలిపి టీ తాగి వచ్చేలోగా చల్లారి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ బాగా పోయేది.

నాయన ఒక్క నిముషంలో తేల్చేశాడు. "డ్రైవర్ కాలు బ్రేకు మీదనే పెట్టుకోని తోల్తాండాడు. వయసైపోయింది, కాలికి పెడల్ తగిలింది కూడా తెలీడం ల్యా."

డ్రైవరన్న మా ఇంట్లో నా చిన్నప్పటినుంచీ ఉన్నాడు. నన్ను బడికి దింపిన మనిషి. నాయన ఆ మాట అన్నప్పుడల్లా, "లేదు సామీ, నేను పెట్టలేదు" అని మాత్రం అనేవాడు. నాయన వినేరకం కాదు. బ్రేకు మీద కాలు పెట్టుకుని తోలతాడని పేరు పడి పంపించేస్తే, ఆ వయసులో ఆయనకు ఇంకెవరు బండి ఇస్తారు? నాకు ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అన్నం సహించేది కాదు. నాయనతో రెండుసార్లు పోట్లాడాను. పోట్లాడేకొద్దీ నాయన ఇంకా బిగుసుకున్నాడు.

ఈ రోగంతో మేస్త్రి దగ్గరికి మొదటిసారి నేనూ డ్రైవరన్నా పోయాం. అనుకున్నట్టే ఆయన అల్లుళ్ళ మీద పడ్డాడు. కాలిపర్లు రెండూ ఊడదీసి, తుప్పు గీకి, గ్రీసు పూసి, "ఇంగ మొండికేస్తే నన్నడుగు" అన్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ మాడు వాసన. రెండోసారి గొట్టాలను పట్టుకున్నాడు. పాత గొట్టం లోపల రబ్బరు వాచిపోయి, పోయే ఆయిల్‌ను పోనిస్తుంది గానీ తిరిగి రానివ్వదట, అది ఆయన ఎన్ని బండ్లలో చూశాడట. కొత్తవి వేసి, చొక్కా చూపించుకుని పంపించాడు. మళ్ళీ అదే కథ.

మూడోసారి నాయన తానే వస్తానన్నాడు. వచ్చి, టీ అంగడి బెంచీ మీద నడుమ కూర్చుని, జనం అందరూ వింటుండగా గొంతెత్తాడు.

"ఏమప్పా మేస్త్రీ, నీకు రెండుసార్లు చేతకాలేదు, నేను చెప్తా విను. తప్పు డ్రైవర్ది. నీ నోటితో ఆ మాట అంటానే తాళాలు తీసుకుంటా. ఈ పొద్దుతో ఆయనకూ మాకూ చాలు."

డ్రైవరన్న బండి పక్కన నిలబడి ఉన్నాడు. తాళాలు అప్పుడే చేతికి తీసిపెట్టుకున్నాడు. ఆయన మొఖంవైపు చూడలేక నేను మేస్త్రివైపు చూశాను.

మేస్త్రి వచ్చి నాయన ఎదురుగా నిలబడ్డాడు. "ఎవురెవురు ముట్టుకున్యారు శెట్టన్నా ఈ బండిని?" అన్నాడు.

"డ్రైవర్ కాకుండా ఇంకెవురు ముట్టుకుంటారు?"

"బాగా యోచన చెయ్యి."

"చేసేదేముంది? ఎవురూ లేరు."

మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "నేను రెండుసార్లు అల్లుళ్ళని తిట్టినా" అని జనంతో అన్నాడు, తన తప్పు గురించి కూడా గొప్ప చెప్పుకుంటున్నట్టే. "ఒక అల్లుడు మొండోడుంటాడు, సరే. ఇద్దరూ ఒకే దినం, ఒకే మాదిరి మొండికేస్తారా? ఏ ఇంట్లోనన్నా చూసినారా? అట్ల జరిగిందంటే మామ దగ్గర ఏదో ఉండాదని. ఈ ముక్క నాకు ముందే తట్టాల్సింది."

బండి అప్పుడే వచ్చి నిలిచింది కాబట్టి చక్రాలు ఇంకా పట్టుకునే ఉన్నాయి. జాకీ పెట్టి ముందుభాగం లేపించి, డ్రైవరన్నను చక్రం తిప్పమన్నాడు. రెండు చేతులతో బలం పెట్టినా కదలలేదు. అప్పుడు మేస్త్రి బానెట్ ఎత్తి, మామ దగ్గర గొట్టం నట్టును రవ్వంత వదులు చేశాడు. చుర్రుమని నాలుగు చుక్కల ఆయిల్ చిమ్మింది. "ఇప్పుడు తిప్పు!" చక్రం గిర్రున తిరిగింది. అవతలిది కూడా తిరిగింది.

"చూసినారా! మామే పట్టుకోనుండాడు! పంపించిన మాట వెనక్కి తీసుకోకుండా కూర్చున్యాడు. అల్లుళ్ళు పాపం, ఏం చేస్తారు?"

జనం చప్పట్లు కొట్టారు. ధర్మవరం బస్సు వచ్చి, ఎవరూ ఎక్కకపోతే పోయింది. మేస్త్రి ఉత్సాహంగా, మామ నెత్తిన ఉండే ఆయిల్ డబ్బా మూత తీశాడు. మూత కింది రబ్బరు నూనెలో వేసిన వడియంలాగా ఉబ్బి, వంకరలు తిరిగి ఉంది. ఆయన దాన్ని చూసి, నోరు మూసుకున్నాడు. నేను ఆ మనిషిని ఎరిగినన్నాళ్ళలో ఆయన నోరు దానంతటది మూతపడడం అదొక్కసారే.

టీ అంగట్లోంచి ఖాళీ గ్లాసొకటి అడిగి తీసుకున్నాడు. డబ్బాలోని ఆయిల్ కొంచెం సిరంజితో లాగి, గ్లాసులో పోసుకుని షెడ్డు వెనక్కి పోయాడు. కాసేపయ్యాక, "పాపా, ఇట్రా, ఒక చెయ్యి పట్టు" అని నన్ను పిలిచాడు.

గ్లాసును వెలుగుకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. అందులోది రెండుగా విడిపోయింది. కింద మురికి ఆయిల్. పైన, తేటగా, పసుపుపచ్చగా ఇంకొకటి తేలుతోంది. వేలు ముంచి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏం వాసన?"

నన్నడగాలా? నేను పుట్టి పెరిగిందే ఆ వాసనలో. అది మా శెనక్కాయ నూనె. అప్పుడు గుర్తొచ్చింది. ఈ రోగం మొదలవ్వకముందు ఒకరోజు డ్రైవరన్న చుట్టాలింట్లో పెళ్ళికని నంబులపూలకుంటకు పోయి ఉన్నాడు. బండిలో ఎర్ర లైటు వెలుగుతోందని నాయన ఫోన్ చేశాడు. బానెట్ కింద ఫలానా చోట తెల్ల డబ్బా ఉంటుంది, ఆయిల్ తగ్గి ఉంటుంది, పొయ్యాల అని డ్రైవరన్న చెబుతుంటే, "ఓస్ ఇంతేనా, నేను పోస్తాలే" అని నాయన అనడం నేను పక్కనుంచి విన్నాను. ఆయిల్ అంటే నాయన లెక్కలో నూనె. నూనె అంటే మా అంగట్లోది. ఏ అరలోంచి తీశాడో కూడా నాకు కళ్ళకు కట్టింది.

మేస్త్రి నన్నే చూస్తున్నాడు. పెదవులు బిగబట్టుకున్నా నవ్వు ఆగడం లేదు.

"మంచి నూనె పోసినాడు పాపా మీ నాయన. ఒక్క చుక్క కల్తీ లేదు. బ్రేకు రబ్బరుకు ఈ నూనె తగిల్తే ఉబ్బిపోతాది. ఉబ్బి, ఆయిల్ తిరిగొచ్చే కంత మూసేసింది."

నాకు నవ్వు రాలేదు. ఇంత జనంలో "శెట్టి!" అని ఆయన రోడ్డు మీద అరిస్తే నాయన ఇల్లు చేరేదాకా బతుకుతాడా? అరవకపోతే డ్రైవరన్న గతేమిటి? "ఇప్పుడెట్ల మేస్త్రీ?" అన్నాను. ఆయన గ్లాసులోది చెట్ల మొదట్లో పారబోసి, రేకుల సందులోంచి ముందువైపు తొంగి చూశాడు. బెంచీ మీద నాయన, బండి దగ్గర డ్రైవరన్న, చుట్టూ జనం. తర్వాత చొక్కా కాలరు సర్దుకుని బయటికి నడిచాడు.

"ఎవురు మేస్త్రీ?" అన్నారు జనం.

"డ్రైవరే గదా?" అన్నాడు నాయన, లేచి నిలబడి, చెయ్యి చాపి.

మేస్త్రి రోడ్డు మధ్యకు పోయి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అరిచాడు.

"నేనే!"

"పోయిన సర్వీసులో బ్రేకు ఆయిల్ పోసింది నేను. వేరే డబ్బాలోది పోసేసినా. రబ్బర్లన్నీ పాడైనాయి. తప్పు నాది. డ్రైవర్ కాలు సొక్కం, పెడల్ సొక్కం, వాటిలో ఏ తప్పూ లేదు."

అప్పుడు లేచింది చూడండి గోల! ఇన్నేళ్ళుగా ఆయన నోటికి జడిసినవాళ్ళందరికీ పండగైంది. "మేస్త్రీ, ఒకసారి చొక్కా తిప్పి చూపియ్యప్పా!" అని ఒకరు. "బోర్డు పెట్టియ్యాల, తప్పు ఆయిల్ మేస్త్రి అని!" అని ఇంకొకరు. గొప్పలతోనే కడుపు నింపుకునే మనిషి, నడిరోడ్డు మీద నిలబడి ఆ మాటలన్నీ పడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ తల దించలేదు.

నాయన ఆ గోలలో మెల్లగా బండి దగ్గరికి పోయాడు. నాయన ముక్కు సంగతి మీకు తెలియదు, నూనె వాసన చూసి ఏ ఊరి కాయో చెప్పే ముక్కు అది. మూత తీసి ఉన్న డబ్బా మీదికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. లేచాక ఎవరి మొఖమూ చూడలేదు. డ్రైవరన్న నాయన దగ్గరికొచ్చి తాళాలు చాపాడు.

"నాకేంటికప్పా ఇస్తావు? తోలేది నువ్వు గదా" అన్నాడు నాయన.

రబ్బరన్నదల్లా మార్చాలి, గొట్టాల్లో చుక్క మిగలకుండా కడగాలి అని మేస్త్రి బండిని ఉంచుకున్నాడు. మేము బస్సులో తిరిగొచ్చాం. నాయనా డ్రైవరన్నా ఒకే సీటులో కూర్చున్నారు, నేను వాళ్ళ వెనక. సోమందేపల్లి దాటాక నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"నువ్వు ఫోన్లో ఆయిల్ అన్న్యావు."

"అన్న్యా సామీ."

"బ్రేకు ఆయిల్ అనాల."

"అనాల సామీ. నాదే తప్పు."

"నీది కాదులే" అన్నాడు నాయన. కాసేపటికి మళ్ళీ, "నీది కాదప్పా" అన్నాడు. మా నాయన జీవితంలో ఒకరిని క్షమించమని అడగడం ఇంతకంటే దగ్గరగా నేను చూడలేదు. నేను వెనక కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను.

తర్వాతొకసారి మేస్త్రి ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను. "డ్రైవరన్న తప్పు లేదని చెప్పి ఊరుకోవచ్చు గదా మేస్త్రీ? నీ మీద ఏంటికి వేసుకున్యావు?"

"ఎవురో ఒకరి పేరు చెప్పకుంటే మీ నాయన నమ్ముతాడా? మీ నాయన పేరే చెప్పినా అనుకో. ఇంత జనంలో తలొంచుకున్యాక, ఆ డ్రైవర్ మొఖం దినామూ చూస్తా కూర్చుంటాడా? నెల తిరక్కుండా ఇంకేదో వంక పెట్టి పంపించేస్తాడు. నాదేముంది పాపా? నాకు పేరు ఎక్కువై యాడ పెట్టుకోవాల్నో తెలీకుండా ఉండాది. రవ్వంత పోయిందిలే." అని, అప్పుడు కూడా కాలరు సర్దుకున్నాడు.

రవ్వంత పోలేదు. ఆ తర్వాత ఆయన "అత్త!" అన్నా, "బావమరిది!" అన్నా, టీ అంగట్లోంచి ఎవరో ఒకరు "నువ్వు కాదు గదా మేస్త్రీ?" అనకుండా ఉండేవాళ్ళు కాదు. ఆయన చెయ్యెత్తి కొట్టబోయినట్టు చేసి ఊరుకునేవాడు. నాయన పెనుకొండ మీదుగా పోయినప్పుడల్లా షెడ్డులో ఒక డబ్బా నూనె దింపేవాడు. మేస్త్రి దాన్ని అందుకుని నాయన చెవిలో, "ఇది పోపుకా అన్నా, బ్రేకుకా?" అనేవాడు. నాయన చిన్నపిల్లాడిలాగా సిగ్గుపడేవాడు. నిజం చెప్పేయాలని నాయనకు లోపల పీకుతూనే ఉండేది. జనం ఉన్నప్పుడు గొంతు సవరించుకుని, "ఏమప్పా, ఆ పొద్దు సంగతి..." అని మొదలుపెట్టేవాడు. మొదలుపెట్టగానే మేస్త్రి గాలి కొట్టే మిషన్ ఆన్ చేసేవాడు. ఆ దడదడలో ఇంకేం వినపడుతుంది? నాయన నోరు మూసుకునేదాకా అది ఆగేది కాదు. ఆ మిషన్‌తో ఎన్ని టైర్లకు గాలి కొట్టాడో గానీ, మా నాయన నోరు మాత్రం చాలాసార్లు మూయించాడు.

పోయిన ఏడాది ఆయన పోయాడని ఫోనొచ్చింది. జబ్బు లేదు, మంచం లేదు. పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని, వేసుకోకుండానే పోయాడట. అల్లుళ్ళిద్దరూ మగ్గాలు ఆపి వచ్చి, కూతుళ్ళకంటే ఎక్కువ ఏడ్చారట. నాయన ఆ రోజు అన్నం ముట్టలేదు. "బండి తియ్యప్పా" అన్నాడు డ్రైవరన్నతో.

మేము ముగ్గురం ఆ ఇంట్లో అందరినీ పలకరించి, వచ్చేటప్పుడు షెడ్డు దగ్గర నిలిపాం. రేకుల తలుపు మూసి ఉంది. టీ అంగట్లో అదే బెంచీలు, అదే మనుషులు. ఆయన మాటలే చెప్పుకుంటున్నారు. నిమ్మకాయ కథ, తమలపాకుల డబ్బా కథ, ఒక్కొక్కటీ ఒక్కొక్కరు ఆయన గొంతుతో అరిచి చూపిస్తున్నారు. ఏడుస్తూ నవ్వుతున్నారు. కాసేపటికి టీ అంగడాయన అన్నాడు. "ఎన్ని గొప్పలు చెప్పుకున్యా, చేతి పని మాత్రం సొక్కం. బతుకంతా ఒక్క తప్పు చేసినాడు. అదీ మన శెట్టన్న బండిలోనే, పాపం."

నాయన లేచి నిలబడ్డాడు. డ్రైవరన్న భుజం పట్టుకున్నాడు. ఈసారి ఆపేదానికి మిషన్ లేదు.

"ఆయప్ప చెయ్యలేదు" అన్నాడు. "ఆ ఒక్కటి కూడా ఆయప్ప చెయ్యలేదు. నేను పోసినా. మా అంగట్లో శెనక్కాయ నూనె నేనే పోసినా. నా మర్యాద కోసరం ఆయప్ప పేరు పోగొట్టుకున్యాడు. మీరంతా ఈ మాట నలుగురికీ చెప్పండప్పా."

ఎవరూ ఉలిక్కిపడలేదు. టీ అంగడాయన టీ వడకడుతూ తల కూడా ఎత్తలేదు.

"తెలుసులే శెట్టన్నా."

"ఏం తెలుసు?"

"ఆ పొద్దు ఆయన అడిగింది నా గ్లాసే గదా. ఎన్నిసార్లు తోమినా శెనక్కాయ నూనె వాసన పోలేదు, ఆఖరికి పారేసినా. ఈడుండేటోళ్ళకు అందరికీ ఆ పొద్దే తెలుసు."

నాయన బెంచీ మీద కూలబడ్డాడు. "మరి ఇన్నేళ్ళూ ఆయప్పను ఏంటికి ఎగతాళి చేసినారప్పా? ఒక్కరన్నా కాదనకపోతిరే!"

"ఎట్ల కాదంటామన్నా? మీరు బస్సెక్కి పోయినాక, ఆయన ఇదో ఈడకొచ్చి నిలబడుకోని, ఒకటే మాట అన్యాడు. 'తప్పు నాది. కాదని ఎవుడన్నా నోరు తెరిసినాడంటే, వాని బండి నేను జన్మలో ముట్టను' అన్యాడు." టీ గ్లాసు తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. "మాకందరికీ బండ్లుండాయి గదన్నా."